కబడ్డీ ఫొటోల్లో ఫ్లాష్: మెరుపు పడినా రైడర్ ఎందుకు చెదిరిపోతాడు?

ఊరి మైదానాల్లో కబడ్డీ పోటీలు పొద్దు వాలాకే రసకందాయంలో పడతాయి. వెలుతురు చేయిచ్చేదీ అప్పుడే. ఫ్లాష్ తగిలించినా బొమ్మ పదునుగా రాకపోతే ముందు ఫొటోను పెద్దది చేసి చూడండి. ఎలా చెదిరిందన్న దాన్ని బట్టే కారణం తెలుస్తుంది.

సమస్య: ముఖం పదునుగా ఉంది, చేతి అంచున మసక చార

బనియను మీది అంకె చక్కగా చదవవచ్చు. చాచిన చేతి పక్కన మాత్రం మరో చెయ్యి ఆవిరిలా కనిపిస్తుంది. తప్పు ఫ్లాష్‌ది కాదు. ఒకే ఫ్రేమ్‌లో ఆకాశపు వెలుతురు ఒక బొమ్మను, మెరుపు మరో బొమ్మను గీశాయి. సెకనుకు 5 మీటర్ల వేగంతో దూసుకొచ్చే చెయ్యి, షట్టర్ తెరిచి ఉన్న 1/250 సెకనులో 2 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే 1/10,000 సెకను మెరుపులో జరిగేది అర మిల్లీమీటరే.

పరిష్కారం ఆకాశాన్ని అణచడం. ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి. రైడర్ ముఖం గుర్తుపట్టేలా వస్తే వెలుతురు ఇంకా ఎక్కువే ఉన్నట్టు. ఫ్లాష్ వెలుగు కంటే అది కనీసం మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తక్కువగా ఉండాలి. సూర్యుడు దిగిన కాసేపటికి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ ద్వారం ఎఫ్ 5.6, షట్టర్ 1/250తో మొదలుపెట్టవచ్చు. చీకట్లో ఐఎస్ఓ పెంచాలని చెయ్యి లాగుతుంది. పెంచితే ఆకాశమూ వెంట వస్తుంది. సంధ్య వేళ వెలుతురు నిమిషాల్లో మారుతుంది కాబట్టి ప్రతి విరామంలోనూ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

సమస్య: చార లేదు, మనిషే మొత్తంగా మెత్తగా వచ్చాడు

ఫోకస్ సరిగ్గానే ఉంటే, ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో పెట్టి ఉంటారు. కెమెరా మీద పెట్టుకునే ఫ్లాష్‌లు పవర్ పెంచేకొద్దీ ఎక్కువసేపు వెలుగుతాయి. నికాన్ ఎస్‌బీ-900కు కంపెనీ ఇచ్చిన లెక్క చూడండి: ఫుల్ పవర్‌లో 1/880 సెకను, 1/4లో 1/2550, 1/16లో 1/10,000. ఫుల్ పవర్ మెరుపు రైడర్ పాదాన్ని ఆపలేదు.

పవర్ తగ్గించి, పోయిన వెలుగును మరో దారిలో రాబట్టాలి. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. పురుషుల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పే కాబట్టి పక్కగీతకు అవతల స్టాండు మీద ఫ్లాష్ నిలబెడితే మధ్యగీత దగ్గరి ఆట అందుతుంది. ఫ్లాష్ తలను 105 మి.మీ.కు జూమ్ చేస్తే వెలుగు చెదరకుండా ఒకచోట పడుతుంది. ఒకటి 1/2లో వాడే బదులు రెండింటిని 1/4లో వాడండి. వెలుగు అంతే, మెరుపు పొట్టిది. బ్యాటరీలకూ హాయి: వరుస షాట్లలో రెండో ఫ్రేమ్ నల్లగా రావడం చాలావరకు తగ్గుతుంది.

స్టూడియో లైట్లు తెస్తే మాత్రం జాగ్రత్త. పాత తరహా వాటిలో చాలావాటికి లెక్క తలకిందులు, పవర్ తగ్గిస్తే మెరుపు సాగుతుంది.

సమస్య: ఫ్రేమ్‌లో ఒక అంచున నల్లటి పట్టీ

షట్టర్ వేగం సింక్ హద్దు దాటింది, అంటే ఫ్లాష్ వెలుగు ఫ్రేమ్ మొత్తానికీ అందే గరిష్ఠ వేగాన్ని మించింది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. వెనక్కి రండి. హైస్పీడ్ సింక్ పెడితే పట్టీ పోతుంది కానీ, అప్పుడు ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక చిన్న చిన్న మెరుపుల వరుసగా వెలుగుతుంది. కదలికను ఆపేది షట్టరే, పైగా వెలుగు బాగా పడిపోతుంది.

మిట్టమధ్యాహ్నమైతే ఆ దారే మేలు. ఎండలో ఐఎస్ఓ 100, 1/250కి లెన్స్ ద్వారాన్ని ఎఫ్ 11 దాకా మూయాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఆకాశాన్ని మరో మూడు స్టాపులు అణచడం చిన్న ఫ్లాష్ తరం కాదు. షట్టర్‌ను 1/1000కి పైన పెట్టి, ఫ్లాష్‌ను ముఖం మీది నీడ తీయడానికే వాడుకోండి.

సమస్య: పట్టు పట్టిన చోట తెల్లటి గుండ్రటి మచ్చలు

లెన్స్ పాడయిందని బెంబేలెత్తకండి. నలుగురు రైడర్ మీద పడగానే మట్టి బరి నుంచి దుమ్ము లేస్తుంది. కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్, లెన్స్‌కు దగ్గర్లోని రేణువులకు తగిలి నేరుగా వెనక్కి వస్తుంది. ఫోకస్‌లో లేనందున ఒక్కో రేణువూ బిళ్లంత అవుతుంది. ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి, రేడియో ట్రిగ్గర్‌తో (తీగ లేకుండా ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) పక్క నుంచి వెలిగిస్తే మచ్చలు చాలావరకు పోతాయి. కొంచెం వెనక పక్కగా పెడితే అదే దుమ్ము ఆటగాళ్ల చుట్టూ అంచు గీసినట్టు మెరుస్తుంది. నాకైతే కబడ్డీ ఫొటోకు అంతకన్నా మంచి వెలుగు కనబడదు.

సమస్య: ఫ్లాష్ అసలు వెలగలేదు

సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో చాలా కెమెరాలు ఫ్లాష్‌ను వెలిగించవు. మెకానికల్‌కు మార్చండి.

స్టాండ్లు నాటే ముందు రిఫరీని, నిర్వాహకులను అడగాలి. వద్దంటే వాదించకూడదు. సరేనన్నా, కూతలో ఉన్న మనిషి కళ్లకు సూటిగా మాత్రం ఫ్లాష్ తిప్పకండి.