ఖైనీ చోట ఉసిరి ముక్క

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాది టైలరింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను. అందులో పదిహేనేళ్లు పెదవి కింద ఖైనీ పెట్టుకునే తొక్కాను. మానేసి మూడేళ్లు దాటింది. ఎలా మానేశావన్నా అని షాపుకొచ్చే కుర్రాళ్లు అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీది ఖైనీ కాకపోవచ్చు, ఫోనో, సిగరెట్టో, పని వాయిదా వేయడమో కావచ్చు. పద్ధతి ఇదే పనికొస్తుంది.

ముందు నా చేత్తో జరిగిన నష్టం చెప్పాలి. ఒక రిటైర్డ్ మాస్టారు కొడుకు పెళ్లికి వేసుకోవాలని పొందూరు ఖద్దరు తెచ్చి లాల్చీ కుట్టమన్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, చేత్తో నేసే బట్ట అది. మెడ పట్టీ తిప్పి కుడుతుంటే నా బొటనవేలి ముద్ర దాని మీద పడింది. పొగాకు, సున్నం కలిసిన గోధుమరంగు మరక. సబ్బు పెట్టాను, నిమ్మకాయ రుద్దాను, పోలేదు. మాస్టారు ఒక్క మాట అనలేదు. మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రే ఖైనీ డబ్బా పారేశాను. మూడో రోజుకి మళ్లీ కొన్నాను.

అలా పారేయడం, కొనడం నాలుగైదుసార్లు అయ్యాక మానే ప్రయత్నం ఆపి, చీటీ రాయడం మొదలుపెట్టాను. మీరూ ఇక్కడే మొదలుపెట్టండి. కొలతల చీటీలు గుచ్చే మేకుకే ఒక కాగితం తగిలించి, ఖైనీ వేసుకున్న ప్రతిసారీ టైము ఎంతయిందో, అంతకు ముందు ఏం చేస్తున్నానో రాశాను. వారం తర్వాత చూస్తే రోజుకి పద్నాలుగు, పదిహేనుసార్లు తేలింది. అందులో సగానికి పైగా ఒకటే మాట ఉంది: "బాబిన్ అయిపోయింది."

బాబిన్ అంటే మిషన్ కింద దారం చుట్టి పెట్టే చిన్న చక్రం. ఆ దారం అయిపోతే సూది బట్టని గుచ్చుతూ పోతుంది కానీ కుట్టు పడదు. పాదం ఆపి, బాబిన్ తీసి పక్కన పెడతాను. అంతలో ఎడమచెయ్యి జేబులోకి వెళ్లిపోయేది. అరచేతిలో కాస్త పొగాకు, గోరంత సున్నం, బొటనవేలితో నలుపుడు, రెండు చరుపులు. నేను తలుచుకున్నది కాదు, చెయ్యి చేసేది. ఇంకాస్త గమనిస్తే మరో సంగతి తెలిసింది. ఆ నిమిషంలో నేను నడుం నిటారుగా చేసేవాణ్ణి, కళ్లెత్తి రోడ్డు చూసేవాణ్ణి. పొగాకు ఒక్కటే కాదు, ఆ ఆగడం కూడా నాకు కావాలి. డబ్బా పారేసినప్పుడల్లా ఆ విశ్రాంతిని కూడా పారేశాను. అందుకే నిలవలేదు.

కాబట్టి ఎలా మానాలి అని అడగడం కంటే, ఆ అలవాటు నాకు ఏం చేసిపెడుతోంది అని అడగండి. ఆ పనే చేసే మంచిదాన్ని, సరిగ్గా ఆ సమయానికే పెట్టండి. ఒక వాక్యంగా రాసుకోండి. నాది: "బాబిన్ అయిపోతే లేచి గుమ్మం దాకా వెళ్తాను, ఉసిరి ముక్క నోట్లో వేసుకుంటాను." మా ఆవిడ ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు కొత్త డబ్బాలో, అదే జేబులో పెట్టుకున్నాను. చెయ్యి అలవాటుగా వెళ్తే దానికి ఏదో ఒకటి దొరకాలి కదా. వక్కపొడి మాత్రం వద్దు. వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుంది.

కోరిక పుట్టినప్పుడు కొండలా ఉంటుంది కానీ కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. నాకు రెండు కాజాలు కుట్టేసరికి తగ్గేది. మొదటి మూడు రోజులూ తలనొప్పి, చిరాకు. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. బాగా ముదిరిన అలవాటైతే డాక్టర్ని కలవండి, నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి రాస్తారు. పొగాకు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-112-356 ఉంది.

ఇదంతా మా అమ్మమ్మ విషయంలో ముందే చూశాను, అప్పుడు అర్థం కాలేదు. ఆవిడ మన తీరం ఊళ్లలో చాలామంది ఆడవాళ్లలాగే అడ్డపొగ కాల్చేది, నిప్పు కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చ చూసి డాక్టరు భయపెట్టినా చుట్ట వదల్లేకపోయింది. సాయంత్రం అరుగు మీద తోటివాళ్ల మధ్య కూర్చోవడమే ఆవిడకి కావలసింది. మా అమ్మ ఆ అరుగు మీదకే చేట నిండా చింతపండు తెచ్చి, పిక్కలు తీయమని ముందు పెట్టేది. చేతులకి పని, పక్కన మనుషులు. రోజుకి ఆరు చుట్టలు కాల్చే మనిషి ఆ ఏడాదిలోనే ఒకదానికి వచ్చింది.

ఎన్నాళ్లు పడుతుందంటారా? 2010లో అచ్చయిన లండన్ పరిశోధన ఒకటి 96 మందిని గమనించింది. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన చెడిపోలేదని కూడా తేలింది. నాకు ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఆమదాలవలసలో ఒక పెళ్లికి వెళ్లి అందరితోపాటు వేసుకున్నాను. మర్నాడు బాబిన్ అయిపోగానే మళ్లీ ఉసిరే.

ఖైనీకయ్యే రోజు 40 రూపాయలూ ఒక డబ్బాలో వేశాను. ఏడాదికి 14,600 అయింది. ఆ డబ్బుతో, బట్ట అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకుముందు ఆ పని పక్క షాపుకి పంపేవాణ్ణి.

ఇప్పుడు మేకుకి ఇంకో చీటీ ఉంది. "రేపు రండి" అని నోటికొచ్చినట్టు చెప్పేయడం నాకున్న రెండో చెడ్డ అలవాటు. ఎప్పుడు చెబుతున్నానో రాసుకుంటే, మనిషి గుమ్మంలో నిలబడి మొహం చూసినప్పుడే. ఇబ్బంది తప్పించుకోవడానికన్నమాట. అందుకని ఆర్డర్ల పుస్తకానికి దారం కట్టి గుమ్మం పక్కనే వేలాడదీశాను. మనిషి కనబడగానే ముందు పుస్తకం తెరిచి, ఖాళీ ఉన్న రోజు చూసి, అప్పుడు నోరు విప్పుతున్నాను. మొదలుపెట్టి పన్నెండు రోజులైంది, నాలుగుసార్లు తప్పాను.