పాత జీపుకి రిమ్ములు మార్చే ముందు

తాడ్వాయి అడవి దారుల్లో తిరిగే పాత మహీంద్రా జీపయినా, జిప్సీ అయినా షాపుకి వెళ్లే ముందు టేపు పట్టుకోండి.

– ఐదు బోల్టుల పీసీడీ, అంటే బోల్టుల నడిమి గుండా గీసిన వృత్తం వ్యాసం, 139.7 మిల్లీమీటర్లు. పక్కపక్క బోల్టుల మధ్య, నడిమి నుంచి నడిమికి, సుమారు 82 మిల్లీమీటర్లు రావాలి. బోల్టులు కుదిరితే చాలదు, రిమ్ము మధ్య రంధ్రం హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మీదికి ఎక్కాలి.

– రిమ్ము బయటికి పొడుచుకొస్తే ఫొటోకి బాగుంటుంది, బేరింగులకే భారం. మరీ లోపలికి పోతే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రాసుకుంటుంది.

– రెండు ముక్కలు బోల్టులతో బిగించిన పాత మిలిటరీ రిమ్మా? గాలి పూర్తిగా తీయనిదే ఆ బోల్టులు ముట్టుకోవద్దు. ప్రాణాలు పోతాయి.

– సెకండ్‌హ్యాండ్‌దైతే బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు చూడండి. వెల్డింగ్ చేసింది ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

– ములుగు దాకా వెళ్లొచ్చాక నట్లు మళ్లీ బిగించండి.