జబ్బు రోజులకు ఈఎస్ఐ డబ్బు రాబట్టుకోవడం ఎలా?
చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ జ్వరంతో మంచం పడితే, ముందు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడి డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టే ముఖ్యం. ప్రైవేటు చీటీ ఒక్కటే పెడితే క్లెయిము ఇరుక్కుంటుంది. సగటు రోజుకూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది.

అసలు చిక్కు 78 రోజుల దగ్గర. ఆగస్టులో జబ్బు చేస్తే, అంతకుముందు అక్టోబరు నుంచి మార్చి వరకు కనీసం 78 రోజులకు మీ పేరున ఈఎస్ఐ చందా పడి ఉండాలి. మస్టర్లో, అంటే హాజరు పుస్తకంలో, రోజులు తగ్గించి రాస్తే దెబ్బతినేది మీరే. చందా కింద జీతంలో 0.75 శాతం కోసినంత మాత్రాన జమైనట్టు కాదు, ప్రతినెలా ఈఎస్ఐ పోర్టల్లో చూసుకోండి, పే స్లిప్పులు దాచుకోండి.

మొదటి రెండు రోజులకు మామూలుగా ఏమీ రాదు. ఆ జీతం యజమానే ఇవ్వాలని చట్టం చెప్పాలి. ఆ కూలి పోతుందనే కదా, ఒళ్లు కాలుతున్నా కటింగ్ మిషను దగ్గర నిలబడేది!