డ్రామా చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: తన్నుల ఖాతా

పోయిన పాఠంలో ఒక ఎపిసోడ్‌ని సీన్లుగా విడగొట్టి కాగితం మీద రాశాం కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈసారి పని దాని మీదే.

పాలిచ్చే ఆవు తన్నినా పడాలంటారు. 1990లు, 2000ల నాటి చాలా టీవీ డ్రామాలు ఈ మాట మీదే బతికాయి. హీరో డాక్టరో, పోలీసో అయి ఉంటాడు. పనిలో అతణ్ని మించినవాడు లేడు, మనిషిగా మాత్రం పక్కన కూర్చోలేం. అలాంటివాడు మంచివాడా కాదా అని అడిగితే వాదన తప్ప ఏమీ తేలదు. కథ అతని తన్నుల్ని ఎక్కడ పెట్టింది, వాటి ఖర్చు ఎవరి నెత్తిన వేసింది అన్నదే ఈ పాఠం.

'హౌస్' అనే అమెరికన్ డ్రామాతో మొదలుపెడదాం, అందులో హీరో హౌస్ అనే డాక్టర్. 2004 నుంచి 2012 దాకా 8 సీజన్లు, 177 ఎపిసోడ్లు వచ్చాయి, అభ్యాసానికి కొదవ లేదు. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లో వరస ఒకటే: ఎవరో కుప్పకూలుతారు. టీమ్ ఊహలు తప్పుతాయి. ఈలోగా హౌస్ రోగిని అవమానిస్తాడు, అబద్ధాలాడతాడు. చివర్లో ఎవరితోనో సంబంధం లేని విషయం మాట్లాడుతుంటే బుర్రలో ఏదో వెలుగుతుంది, మాట మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. మీ కాగితం మీద తిట్టిన ప్రతిచోటా 'తి', జబ్బు తేలినచోట 'జ' అని రాయండి. 'తి'లు దాదాపు అన్నీ 'జ'కి ముందే పడతాయి. ప్రాణం దక్కాక తిట్టు గురించి అడిగేదెవరు? ఇప్పుడు వరస తిరగేసి ఊహించండి: జబ్బు ముందే నయమైంది, ఆ తర్వాత అవే తిట్లు తిట్టాడు. అదే నటుడు, అవే డైలాగులు, కానీ వట్టి క్రూరుడిలా కనిపిస్తాడు. అతణ్ని క్షమించే పని డైలాగులు చేయడం లేదు, సీన్ల వరస చేస్తోంది. మొదటిసారి ఇలా గీసి చూసినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది, ఏళ్ల తరబడి ఆ జోకులకి హాయిగా నవ్వినవాణ్ని మరి.

రెండో గుర్తు ముఖం. తిట్టు పడిన వెంటనే సౌండ్ ఆపేసి, తర్వాతి షాట్‌లో ఎవరున్నారో చూడండి. స్నేహితుడు నవ్వు ఆపుకుంటుంటే మనకీ నవ్వడానికి పర్మిషన్ ఇచ్చినట్టే. తిట్టు తిన్న మనిషి మీద కెమెరా ఇంకో రెండు సెకన్లు నిలిచిందంటే కథ అతని పక్షాన ఉంది.

మూడోది బిల్లు, అంటే ఆ తన్నుల ఖర్చు ఎవరు కట్టారన్నది. ఇదే కష్టం. 'హౌస్' 3వ సీజన్‌లో ట్రిట్టర్ అనే పోలీసు రోగిగా వచ్చి ఘోరంగా అవమానం పాలవుతాడు. హౌస్ మాత్రల వ్యసనం పట్టుకుని కేసు పెడతాడు. ఆ ఒత్తిడిలో హౌస్ స్నేహితుడు విల్సన్ బ్యాంకు ఖాతాలు స్తంభించిపోతాయి, ఆసుపత్రి పెద్ద కడీ కోర్టులో అబద్ధం చెబుతుంది. హౌస్‌కి పడింది ఒక్క రాత్రి జైలు. న్యాయంగా కోపం రావాల్సినవాడే ఇక్కడ విలన్ అయిపోయాడు, గమనించారా? అలాగని తొందరపడి తీర్పు ఇవ్వకండి. 5వ సీజన్ ముగిసేసరికి హౌస్ మానసిక వైద్యశాలలో చేరతాడు, 8వ సీజన్ జైల్లో మొదలవుతుంది. కొన్ని బిల్లులు ఆలస్యంగా వస్తాయి.

పోలికకి 1993లో బ్రిటన్‌లో మొదలైన 'క్రాకర్' చూడండి. అందులో హీరో ఫిట్జ్ పోలీసులకి సాయపడే మనస్తత్వ నిపుణుడు, జూదగాడు, తాగుబోతు. ఒక్కో కేసు ఎక్కువగా రెండు మూడు ఎపిసోడ్లు నడుస్తుంది కాబట్టి వారం వారం పాపం కడిగేసే వీలు తక్కువ. పైగా ఇల్లు కూడా కథలోనే ఉంది. జూదం భరించలేక భార్య వెళ్లిపోతుంది. నేరస్తుడి నోరు విప్పించే తెలివి అక్కడ పనికిరాలేదు. నాకు ఇదే ఎక్కువ నిజాయతీగా అనిపిస్తుంది, మీకు అనిపించకపోయినా ఫర్వాలేదు.

ఒక చిన్న జాగ్రత్త: పైఅధికారిని తిట్టడం, మంచం మీదున్న రోగిని తిట్టడం ఒకే లెక్కలో వేయకండి. 'తి' పక్కన పైకో కిందికో బాణం గీయండి.

వచ్చే పాఠానికి 1991 నాటి బ్రిటిష్ పోలీసు డ్రామా 'ప్రైమ్ సస్పెక్ట్' మొదటి కథ చూసి రండి. అందులో పోలీసు అధికారి జేన్ టెన్నిసన్ తెలివైనదే, పనిలో పడితే ఇంటిని మర్చిపోయేదే. ఆమె కాగితం మీద బిల్లు ఎంత త్వరగా పడుతుందో గడియారం చూసి రాయండి.