ఎయిర్‌లైన్లు కలిసిపోతున్నయంటే మన రూట్‌కి, మన టికెట్‌కి ఏమైతదో ముందే పసిగట్టుడు ఎట్ల

మా చుట్టాలల్ల విమానం టికెట్ ముచ్చటంటే ఫోన్ నాకే వస్తది. చిన్నమ్మ కొడుకు జగిత్యాల నుంచి దుబాయ్ పోయొస్తుంటడు, అక్క బిడ్డ అమెరికాల చదువుకుంటది, మా హన్మకొండ గల్లీలనే పది ఇండ్లకు ఒక ఇంట్లన్న ఎవలో ఒకలు బయట దేశంల ఉన్నరు. టీవీల రెండు ఎయిర్‌లైన్లు కలుస్తున్నయని చెప్పిన రోజు ఫోన్లు మొదలైతయ్, మన టికెట్ ఉంటదా పోతదా, హైదరాబాద్ ఫ్లైట్ బంద్ చేస్తరా, రేట్లు పెరుగుతయా అని. అందరికీ విడివిడిగ చెప్పేకన్న నేను ఏమేం చూస్త, ఏ వరుసల చూస్త అనేది ఒక్కసారి రాసిపెడుతున్న.

ముందుగాల ఏ తారీఖు ముచ్చట చెప్తున్నరో చూడాలె. కలుస్తున్నం అని ప్రకటించుడు ఒకటి, సర్కారు నుంచి పర్మిషన్లు వచ్చుడు ఒకటి, నిజంగ ఒక్కటే పేరు మీద విమానాలు తిరుగుడు ఇంకొకటి, వీటి నడుమ నెలలు కాదు ఏండ్లు పడతయ్. ఎయిర్ ఇండియా, విస్తారా కలుస్తున్నయని 2022 నవంబర్‌ల చెప్పిన్రు, కంపెనీల నడుమ పోటీని చూసే సర్కారు సంస్థ కాంపిటిషన్ కమిషన్ ఓకే అన్నది 2023 సెప్టెంబర్‌ల, విస్తారా పేరు పోయి అంతా ఎయిర్ ఇండియా అయింది 2024 నవంబర్ 12న. దగ్గర దగ్గర రెండేండ్లు. ఆ రెండేండ్లు విస్తారా విమానాలు తిరుగుతనే ఉన్నయ్. కాబట్టి వార్త విన్న రోజే ఆగమై టికెట్ క్యాన్సిల్ చేస్కోవద్దు, మీ అంతట మీరు క్యాన్సిల్ చేస్తే చార్జీ మీ నెత్తి మీదనే పడతది, అదే కంపెనీ మారిస్తే మీకు హక్కులుంటయ్, అవేందో కింద చెప్త.

తర్వాత రూట్లు. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, ఒక కాయిదం తీస్కోని మీరు ఎక్కువ పోయే రూట్ల ఆ రెండు కంపెనీల ఫ్లైట్లు ఏ టైంకి ఉన్నయో ఒక వారానివి రాసుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒకలది పొద్దుగాల 6కి, ఇంకొకలది 6:30కి ఉన్నదనుకుందాం. వేరేవేరే ఉన్నప్పుడు ఇద్దరూ ఆ టైంకే కొట్లాడుకుంటరు, ఒక్కటైనంక వాళ్లకు వాళ్లే పోటీ అయితరా, కారు. అప్పుడు రెండిట్ల ఒకటి 9 గంటలకో మధ్యాహ్నానికో జరుగుతది, లేకుంటే ఆ విమానాన్ని తీస్కపోయి వేరే ఊరికి పెడతరు. ఢిల్లీ, ముంబై లాంటి కాడ దిగనీకి ఎక్కనీకి దొరికే టైం, అదే స్లాట్ అంటరు, అది చానా గిరాకీ ఉన్న వస్తువు, దాన్ని ఏ కంపెనీ వదులుకోదు, ఆ స్లాట్‌ల మీ ఊరి ఫ్లైట్ తీసి కొత్త ఊరి ఫ్లైట్ పెడతది. అంటే కంపెనీ మొత్తం ఫ్లైట్లు తగ్గకపోయినా మీ రూట్ల తగ్గొచ్చు.

ఆ రూట్ల మూడో కంపెనీ ఉన్నదా లేదా అనేది కూడ అదే కాయిదం మీద రాయండి, నా లెక్కల అన్నిటికన్న ముఖ్యమైన గీత అదే. ఇండిగో లాంటిది రోజుకు నాలుగైదు తిప్పే రూట్ల ఇద్దరు కలిసినా రేటు అంత సులువుగ పెంచలేరు. ఆ ఇద్దరే ఉన్న రూట్ల మాత్రం జర జాగ్రత్త. అమెరికాల జెట్‌బ్లూ అనే కంపెనీ స్పిరిట్‌ను కొందామంటే 2024 జనవరిల కోర్టే ఆపేసింది, తక్కువ రేటుకు ఎక్కే జనానికి నష్టమైతదని.

ఇంకొక మార్పు కూడ ఉంటది, దాన్ని మనోళ్లు ఎక్కువ పట్టించుకోరు. టాటా వాళ్ల కాడ నాలుగు ఎయిర్‌లైన్లు ఉండె, వాటిని రెండు చేసిన్రు. ఎయిర్ ఇండియా, విస్తారా కలిసి ఒకటి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ల పాత ఎయిర్ ఏషియా ఇండియా 2024 అక్టోబర్ 1న కలిసి ఇంకొకటి. మొదటిది తిండి, బిజినెస్ క్లాస్ అన్నీ ఉండేది, రెండోది చౌక టికెట్లది. ఇసొంటి గ్రూపుల ఒక రూట్‌ను పెద్దదాని నుంచి చౌకదానికి బదిలీ చేసుడు మామూలే. మీ రూట్ పోలేదు, విమానం వస్తనే ఉంటది, కానీ లోపల తిండి కొనుక్కోవాలె, సీటు ఎంచుకోవాలంటే పైసలు, బ్యాగుల కిలోల లెక్క వేరే. దుబాయ్, మస్కట్, దోహా పోయొచ్చే మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కు పోరగాండ్లకు ఆ కిలోలే అసలు ముచ్చట, ఇంటికి సామాన్లు తెచ్చే రోజు ఎయిర్‌పోర్ట్ కాడ అయిదు కిలోలు ఎక్కువైందంటే దానికి కట్టే పైసలు వాళ్ల రెండు మూడు రోజుల కూలి.

ఇగ హబ్‌లు. హబ్ అంటే ఏందో మనకు కాజీపేట జంక్షన్ చూస్తే తెలుస్తది. సికింద్రాబాద్ దిక్కుకెల్లి ఒక లైను, విజయవాడ దిక్కుకెల్లి ఒకటి, బల్లార్షా దిక్కుకెల్లి ఒకటి, మూడూ అక్కడ కలుస్తయ్, దిగి బండి మారొచ్చు. ఎయిర్‌లైన్లు కూడ గంతే చేస్తయ్, కాకపోతే కావాలని టైం కలుపుతయ్, ఇరవై ఊర్ల నుంచి వచ్చే విమానాలను ఒకటే గంటల దించి తర్వాత గంటన్నరకు అన్నిటినీ మళ్ల ఇరవై ఊర్లకు లేపుతయ్. అట్ల చేస్తే ఒక్కొక్క ఊరోడికి ఇంకా 19 ఊర్లకు కనెక్షన్ దొరుకుతది. ఇండ్ల మూడు నాలుగు ఊర్ల ఫ్లైట్లు తీసేస్తే ఆ ఊర్లకే కాదు నష్టం, మిగిలినోళ్లకు కూడ కనెక్షన్లు తగ్గుతయ్, సీట్లు నిండవు, ఇంకిన్ని తీసేస్తరు. హబ్ కూలుడు మొదలైతే తొందరగ కూలుతదనేది అందుకే.

ఏ హబ్ ఉంటది ఏది పోతది అని అంచనా కట్టనీకి అమెరికా కథలు పనికొస్తయ్, ఎందుకంటే అక్కడ ఇది చానాసార్లు అయింది. డెల్టా, నార్త్‌వెస్ట్ 2008ల కలిసినయ్, కలిసేటప్పుడు హబ్‌లు మూసెయ్యం అనే చెప్పిన్రు. కానీ నార్త్‌వెస్ట్ హబ్ మెంఫిస్, డెల్టా పెద్ద హబ్ అట్లాంటాకు దగ్గర, అయిదేండ్లకు 2013ల మెంఫిస్ హబ్ తీసేసిన్రు. యునైటెడ్, కాంటినెంటల్ 2010ల కలిస్తే క్లీవ్‌లాండ్ హబ్ 2014ల పోయింది, పక్కన యునైటెడ్ పెద్ద హబ్ షికాగో ఉన్నది గద. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2001ల టీడబ్ల్యూఏ అనే కంపెనీని కొంటే దాని హబ్ సెయింట్ లూయిస్ 2003ల తగ్గిపోయింది, అది అమెరికన్ హబ్‌లు షికాగోకు డల్లాస్‌కు నడుమ పడతది. మూడిట్ల ఒకటే లెక్క కనపడతది, పెద్ద హబ్‌కు దగ్గర ఉన్న చిన్న హబ్, సొంత ఊరి ప్యాసింజర్లు తక్కువ ఉండి బండి మారేటోళ్ల మీద బతికే హబ్, అది ముందు పోతది. అన్నిసార్లు అట్లనే అయితదని కాదు, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం 2004ల కలిసినా పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ రెండూ ఉన్నయ్, వేరేవేరే దేశాలు, రెండిటికీ సొంత జనం గట్టిగ ఉన్నరు.

దీన్ని మన శంషాబాద్‌కు పెట్టి చూస్తే నాకు భయం తక్కువనే. మన హైదరాబాద్ బండి మారేటోళ్ల మీద బతికే ఎయిర్‌పోర్ట్ కాదు, ఐటీ వాళ్లు, చదువులకు పోయే పిల్లలు, గల్ఫ్ పోయేటోళ్లు, వాళ్ల అమ్మనాయినలు, సొంత జనమే ఎక్కువ. మన కాడ మారేది ఏ దర్వాజా నుంచి బయట దేశం పోతం అనేది. ఢిల్లీల మారుతమా, ముంబైలనా, దుబాయ్‌లనా, దోహాలనా. రెండు కంపెనీలు కలిస్తే విదేశాల కనెక్షన్లన్నీ ఒకే ఎయిర్‌పోర్ట్‌కు గుంజుకుంటరు, అప్పుడు హైదరాబాద్ నుంచి ఆ హబ్‌కు పొయ్యే ఫ్లైట్ల టైంలు మారతయ్. రాత్రి 2 గంటల విదేశీ ఫ్లైట్‌కు కలిపేటట్టు సాయంత్రం ఫ్లైట్ పెట్టిన్రనుకోండి, వరంగల్ నుంచి మనం మధ్యాహ్నం వెళ్లాలె. అదే పొద్దుగాల ఫ్లైట్‌కు జరిపితే అర్ధరాత్రి కిరాయి కారు మాట్లాడుకోవాలె, ఘట్‌కేసర్ కాడ ఓఆర్ఆర్ ఎక్కి పోయినా మూడున్నర నాలుగు గంటలు చేతిల పెట్టుకోవాలె. హైదరాబాదోడికి గంట అటూఇటూ అయితే ఏం ఫరక్ పడదు, మనకు మొత్తం రాత్రి మారిపోతది.

విమానాల లెక్క, ఫ్లీట్ అంటరు, అది నిమ్మళంగ మారేది. పైలట్‌కు ఏ రకం విమానానికి ట్రైనింగ్, లైసెన్స్ ఉంటే ఆ రకమే నడపాలె, బోయింగ్ 737 నడిపేటోడు రేపు పొద్దుగాల ఎయిర్‌బస్ ఏ320 ఎక్కి నడపలేడు. సామాన్లు, మెకానిక్‌లు, సిమ్యులేటర్లు అన్నీ వేరే. అందుకే కలిసిన కంపెనీ రకాలు తగ్గించుకోవాలని చూస్తది, కానీ విమానాలు ఏండ్లకేండ్లు లీజుల మీద ఉంటయ్, మధ్యల వాపస్ ఇస్తే జరిమానా. అలాస్కా అనే కంపెనీ అప్పట్ల అంతా 737లది, 2016ల వర్జిన్ అమెరికాను కొన్నది, దానియి అన్నీ ఎయిర్‌బస్‌లు, ఆ ఎయిర్‌బస్‌లన్నీ పూర్తిగ వదిలించుకునేసరికి 2023 అయింది. ఏడేండ్లు. కాబట్టి అన్ని విమానాలు కొత్తయి వస్తయ్ అని చెప్తే ఈ ఎండకాలం సెలవులకే వస్తయని ఆశపెట్టుకోవద్దు. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో రాసి ఉంటది, సీట్ మ్యాప్ తెరిచి చూడండి, ఒకటే కంపెనీ ఒకటే రూట్ అయినా పాత విమానంల సీటు వేరే, వేరే కంపెనీ నుంచి వచ్చిన విమానంల సీటు వేరే ఉంటది.

ఫ్లీట్ కంటే నాకు మనుషుల లెక్క ఎక్కువ భయం. 2007ల ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసినంక రెండు దిక్కుల పైలట్ల జీతాలు, ప్రమోషన్లు కలవక 2011ల ఒకసారి సమ్మె, 2012ల డ్రీమ్‌లైనర్లు అనే కొత్త బోయింగ్ విమానాల ట్రైనింగ్ ఎవలికియ్యాలె అనే దాని మీద ఇంకోసారి దగ్గర దగ్గర రెండు నెలలు సమ్మె. 2024 ఏప్రిల్‌ల విస్తారా పైలట్లు కొత్త జీతాల అగ్రిమెంట్ మీద నారాజ్ అయి, రోజుకు పాతిక ముప్పై ఫ్లైట్లు తగ్గించాల్సి వచ్చింది. కాబట్టి కలిసే తారీఖుకు అటూఇటూ కొన్ని నెలలు పెండ్లి, పరీక్ష, వీసా ఇంటర్వ్యూ లాంటి తప్పని పని ఉంటే ఒకరోజు ముందే పోయేటట్టు టికెట్ చెయ్యండి. నేనైతే మా ఇంట్ల ఇది గట్టిగ చెప్త.

ఇప్పుడు మీ చేతిల ఉన్న టికెట్. మా అక్కాబావ బిడ్డ కాన్పుకు అమెరికా పోతున్నరు, మధ్యల ఒకకాడ దిగి మారాలె. బుక్ చేసినప్పుడు నడుమ నాలుగు గంటలు ఉండె. కంపెనీ టైంటేబుల్ మార్చింది, నడుమ టైం 55 నిమిషాలే మిగిలింది, మెసేజ్ ఏమో టికెట్ చేసిన ఏజెంట్ ఫోన్‌కు పోయింది, ఆయన చూసుకోలే. సకినాలు, పచ్చళ్లు కట్టి పెట్టిన్రు, పయనానికి నాలుగు రోజులుందనంగ నేను ఊకెనే పీఎన్‌ఆర్ కొట్టి చూస్తే బయటపడ్డది. అరవై దాటిన ఇద్దరు, ఇంగ్లీష్ రాదు, 55 నిమిషాలల్ల ఇమ్మిగ్రేషన్ దాటి ఇంకో గేటుకు ఉరుకుతరా? ఆ రోజు రెండు గంటలు ఫోన్ల మీద ఉండి ముందటి ఫ్లైట్‌కు మార్పించిన. అప్పటి నుంచి నేను ఎవలి టికెట్ చేసినా ప్యాసింజర్ సొంత ఫోన్ నంబర్, లేకుంటే ఇంట్ల చదువుకున్న పిల్లల నంబర్ పెట్టిస్త. ఇది ఊకె జాగ్రత్త కోసం మాత్రమే కాదు, విమానాల మీద సర్కారు కంట్రోల్ సంస్థ డీజీసీఏ రూల్స్‌ల సరైన ఫోన్ నంబర్ ఇయ్యనోళ్లకు పరిహారం రాదని రాసి ఉన్నది.

టికెట్ మీద ఫ్లైట్ నంబర్ కూడ మారొచ్చు, ఖంగారు పడొద్దు. విస్తారా ఫ్లైట్లు యూకే అనే అక్షరాలతో ఉండె, కలిసినంక ఏఐ పెట్టి ముందు ఒక 2 చేర్చిన్రు, యూకే 955 అనేది ఏఐ 2955 అయింది. వెబ్ చెక్ ఇన్ పాత కంపెనీ సైట్‌ల దొరకకుంటే కొత్తదాంట్ల అదే పీఎన్‌ఆర్ కొట్టి చూడండి. ఆపరేటెడ్ బై, అంటే విమానం నిజంగ నడిపేది ఎవలు అని, చిన్న అక్షరాలల్ల ఎవల పేరుందో సదవండి, బ్యాగుల కిలోలు టికెట్ మీద ఎంత రాసుందో దాని ఫోటో తీసి పెట్టుకోండి, కౌంటర్ కాడ వాదన వస్తే ఆ ఫోటోనే పనికొస్తది. ఎక్కువసార్లు ఎక్కినోళ్లకు కంపెనీ ఇచ్చే పాయింట్లు జమ ఉంటే కొత్త స్కీమ్‌ల చేరినయా లేదా అప్పుడే చూసుకోండి, క్లబ్ విస్తారా పాయింట్లు ఎయిర్ ఇండియా స్కీమ్‌లకే మారినయ్. అన్నిటికన్న ముఖ్యం, రెండు ఫ్లైట్లు ఒకటే పీఎన్‌ఆర్ మీద ఉండాలె. చౌక అని విడివిడి టికెట్లు తీసుకుంటే మొదటిది జరిగితే రెండోదానికి ఎవలూ జిమ్మేదారి కాదు.

కంపెనీ ఫ్లైట్ క్యాన్సిల్ చేస్తే వేరే ఫ్లైటన్నా ఇయ్యాలె, పైసలన్నా వాపస్ ఇయ్యాలె, రెండిట్ల ఏది కావాల్నో మీరు చెప్పాలె. ముందుగ చెప్పకుండ క్యాన్సిల్ చేస్తే ప్రయాణం గంట లోపుదైతే 5,000, రెండు గంటల లోపుదైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయల వరకు పరిహారం ఉంటది, టికెట్ బేసిక్ రేటు, ఫ్యూయల్ చార్జీ కలిపి దీనికన్న తక్కువైతే ఆ తక్కువదే ఇస్తరు, వాన తుఫాను లాంటి వాళ్ల చేతిల లేనివాటికి రాదు. కంపెనీ వినకపోతే విమానయాన శాఖ ఎయిర్‌సేవా యాప్‌ల కంప్లైంట్ పెట్టండి, టికెట్ కాపీ, వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ రెండూ పెట్టాలె. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడ ఉన్నది.

మన వరంగల్ కాడి మామునూరు ఎయిర్‌పోర్ట్ ముచ్చట అడగకుండ మనోళ్లు ఫోన్ పెట్టరు. హైదరాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ వద్దనే షరతు అడ్డముండె, అది తొలిగి 2025 ఫిబ్రవరి ఆఖరుకు కేంద్రం ఓకే చెప్పింది. మన ఊరికి ఎవలు వస్తరనేది కూడ ఈ ఫ్లీట్ లెక్కనే. కొత్త చిన్న ఊరికి మొదట్ల 70 సీట్ల ఏటీఆర్ లాంటి ఫంకల విమానం అయితే నిండుతది, 180 సీట్ల జెట్ రోజూ నింపుడు కష్టం. ఎయిర్ ఇండియాను 2022ల టాటాలు కొన్నప్పుడు ఏటీఆర్‌లు నడిపే అలయన్స్ ఎయిర్ సర్కారు చేతిలనే ఉండిపోయింది, ఇండిగో కాడ ఏటీఆర్‌లున్నయ్. రేపు మళ్ల ఏవన్న రెండు కంపెనీలు కలిస్తే నేను ముందు చూసేది ఆ చిన్న విమానాలను ఉంచుకుంటరా అమ్ముకుంటరా అనేదే, మామునూరుల దిగేది అవే కాబట్టి.