చవకగా మోడల్ రైల్వే కట్టుకునేవారికి: పట్టాలకు కరెంటు ఇచ్చే ముందు జాగ్రత్తలు

ఇటీవల ఒక అభిరుచిపరుని ఇంట్లో సగం పూర్తయిన మోడల్ రైల్వే లేఅవుట్ కాలిపోయిందని తెలిసింది. మంట గది దాటకముందే ఆర్పగలిగారు కనుక మనుషులకు ఏమీ కాలేదు. తరువాత బల్ల కింద చూస్తే కారణం వెతకనక్కరలేకుండానే కనిపించింది: పాత కంప్యూటర్ నుంచి తీసిన పవర్ సప్లై, దాని నుంచి పట్టాలకు లాగిన టెలిఫోన్ తీగంత సన్నని వైరు, ఆ వైరును ఆనుకుని థర్మాకోల్‌తో చేసిన కొండ. పాయింట్ల దగ్గర, అంటే ఒక పట్టా రెండు దారులుగా చీలే చోట, ఒక బోగీ పట్టాలు తప్పింది. దాని లోహపు చక్రం రెండు పట్టాలనూ కలిపేసింది. ఆ సమయంలో యజమాని గదిలో లేరు. “పన్నెండు వోల్టులే కదా, ఏమవుతుంది” అని ఆయన అంతకు ముందు అనేవారట. ఈ అభిరుచిలో ఉన్న చాలామంది అదే మాట అనడం నేనూ విన్నాను.

బ్లేడుతో వేలు కోసుకోకండి, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకండి వంటివి అందరికీ తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నేను చూసినంతలో లేఅవుట్లను పాడుచేసిన తప్పు ప్రధానంగా ఒక్కటే. ఎక్కువ కరెంటు ఇవ్వగల సప్లైని, సన్నని వైరుతో, మధ్యలో ఏ రక్షణా లేకుండా పట్టాలకు కలపడమే ఆ తప్పు.

వోల్టేజి తక్కువైనంత మాత్రాన వేడి తక్కువ కాదు

పొడి చర్మం గుండా ప్రమాదకరమైన కరెంటును పంపే శక్తి 12 వోల్టులకు లేదు. అందుకే పట్టాలను ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఇది నిజమే. అయితే షాక్ కొట్టని చోట నిప్పు కూడా పుట్టదని చాలామంది అనుకుంటారు, చిక్కంతా అక్కడే ఉంది. షాక్‌ను వోల్టేజి నిర్ణయిస్తే, వేడిని వాట్లు నిర్ణయిస్తాయి. 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ప్రవహిస్తే 75 వాట్లు. అభిరుచి పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 నుంచి 40 వాట్లదే, అయినా దాని మొన 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. పాత కంప్యూటర్ సప్లైలోని 12 వోల్టుల లైను 20 ఆంపియర్లు ఇచ్చే రకమైతే అది 240 వాట్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు రైలులో 87వ వంతు పరిమాణంలో, ఇప్పటి ఇంజను మామూలుగా అర ఆంపియరు లోపే తీసుకుంటుంది. 160వ వంతు ఉండే ఎన్ స్కేలు ఇంజనుకు ఇంకా తక్కువ చాలు. అంటే అవసరానికి నలభై రెట్లు ఇవ్వగల సప్లైని బల్ల కింద పెట్టుకుని, అది అరఆంపియరే ఇస్తుందిలే అని నమ్ముతున్నామన్నమాట.

రైళ్ల కోసమే తయారైన కంట్రోలర్లలో షార్ట్ అయినప్పుడు కరెంటును ఆపే ఏర్పాటు ఉంటుంది. కంప్యూటర్ సప్లైలోనూ రక్షణ ఉంటుంది కాని, అది తనను తాను కాపాడుకోవడానికి ఉన్నదే తప్ప మీ వైరును కాపాడడానికి కాదు. దాని దృష్టిలో 10 ఆంపియర్లు మామూలు పని. మీ సన్నని వైరుకు మాత్రం ఆ 10 ఆంపియర్లే ఆఖరివి.

బ్రేకర్ ఉన్నా కాలిపోయే సందర్భం

చాలామందికి తట్టని విషయం ఇది, కనుక కొంచెం నిదానంగా చెబుతాను. మీ దగ్గర 5 ఆంపియర్లు దాటితే ఆగిపోయే మంచి డీసీసీ బూస్టర్ (పట్టాలకు కరెంటు అందించే పెట్టె) ఉందనుకుందాం. (పట్టాల్లోనే కరెంటుతోపాటు ఇంజన్లకు ఆదేశాలను కూడా పంపే డిజిటల్ పద్ధతిని డీసీసీ అంటారు.) 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ప్రవహించాలంటే దారి మొత్తంలో నిరోధం 3 ఓమ్‌ల కంటే తక్కువ ఉండాలి. సన్నని వైరు, పట్టా ముక్కలను కలిపే లోహపు జాయినర్లు వదులవడం, వాటిలో పేరుకున్న మకిలి అన్నీ కలిసి లేఅవుట్ చివరి మూలలో 4 ఓమ్‌లు అయ్యాయనుకోండి. అక్కడ షార్ట్ అయితే ప్రవహించేది 3.75 ఆంపియర్లు మాత్రమే. బూస్టర్ దాన్ని షార్ట్‌గా గుర్తించదు, నాలుగైదు రైళ్లు నడుస్తున్నాయని అనుకుని ఇస్తూనే ఉంటుంది. ఆ 56 వాట్లూ మీ వైర్లలో, జాయినర్లలో, బోగీ చక్రాల దగ్గర వేడిగా మారతాయి. పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి పట్టాలు పక్కకు జరిగాక గాని మీకు తెలియదు.

కాబట్టి బ్రేకర్ కొన్నంత మాత్రాన సరిపోదు. లేఅవుట్‌లోని ప్రతి మూల నుంచీ ఆ బ్రేకర్ పడేంత కరెంటు ప్రవహించగలగాలి. అందుకు బల్ల కింద 1.5 నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు రెండింటిని ప్రధాన లైనుగా లాగి, ప్రతి పట్టా ముక్కకు 0.5 చదరపు మిల్లీమీటర్ల చిన్న ఫీడర్లను, అంటే ప్రధాన లైను నుంచి పట్టాకు కరెంటు తెచ్చే వైర్లను, టంకం వేయాలి. ఫీడరు జానెడు మించకుండా చూసుకోండి. పట్టాల నికెల్ సిల్వర్ రాగి కంటే చాలా తక్కువగా కరెంటును ప్రవహింపజేస్తుంది, జాయినర్లు కాలక్రమాన వదులవుతాయి. అందువల్ల కరెంటును మోసే పని పట్టాలకు అప్పగించకూడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే చెట్లు తగ్గించండి, ఇళ్లు అట్టతో చేసుకోండి, బోగీలు సెకండ్‌హ్యాండ్‌వి కొనండి. వైరు దగ్గర మాత్రం తగ్గించకండి.

నాణెం పరీక్ష

వైరింగ్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక నాణెం చాలు. పరీక్షకు ముందు ఇంజన్లన్నిటినీ పట్టాల మీద నుంచి తీసేయండి. కరెంటు ఇచ్చి, చెక్క పుల్లకు అంటించిన నాణేన్ని రెండు పట్టాలకూ తగిలేలా నొక్కండి. బ్రేకర్ వెంటనే పడాలి. క్షణంలో పడకపోతే నాణేన్ని తీసేయండి, ఆ చోట ఫీడరు వేయనిదే రైలు నడపకండి. ప్రతి పట్టా ముక్క మీద, పాయింట్లకు అన్ని వైపులా, సప్లైకి అతి దూరంగా ఉన్న మూలలో తప్పనిసరిగా ఇలా చేయాలి. కొత్త పట్టా వేసిన ప్రతిసారీ, చాలా రోజుల తరువాత లేఅవుట్ తిరిగి తెరిచినప్పుడూ మళ్లీ చేయాలి.

ఫ్యూజు, బ్రేకర్, కింద చెప్పే బల్బు, వీటిలో ఏదీ లేని సప్లై మీద ఈ పరీక్ష చేయకూడదు. ముందు రక్షణ, తరువాతే నాణెం.

ఆ రక్షణ ఖరీదైనదే కానక్కరలేదు. వాహనాల ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును సప్లైకి, పట్టాలకు మధ్య వరుసలో కలిపితే చవకైన రక్షణ దొరుకుతుంది. ఇంజను మామూలుగా నడుస్తున్నప్పుడు బల్బు వెలగదు, వోల్టేజిని పెద్దగా తగ్గించదు. షార్ట్ అయితే పూర్తిగా వెలిగి, కరెంటును సుమారు 2 ఆంపియర్ల లోపల పట్టి ఉంచుతుంది, షార్ట్ అయిందని మీ కంటికి చూపిస్తుంది. ఈ బల్బు పెట్టినవారు నాణెం పరీక్షలో బ్రేకర్‌ను కాక బల్బునే చూడాలి: ఒక చోట అది మిగతా చోట్ల కంటే మసకగా వెలిగితే అక్కడ వైరింగ్‌లో నిరోధం ఎక్కువగా ఉందని గ్రహించండి. ఎక్కువసేపు వెలిగితే బల్బు బాగా కాలుతుంది కాబట్టి ఫోముకు, కాగితానికి, జిగురుకు దూరంగా లోహపు హోల్డరులో బిగించండి. ఫ్యూజు వాడేవారు దాన్ని సప్లై పక్కనే పెట్టాలి, పట్టాల దగ్గర కాదు. ఫ్యూజుకు ముందున్న వైరును ఆ ఫ్యూజు కాపాడలేదు.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు

ఇది మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. పాత ట్రాన్స్‌ఫార్మర్లు చవకగా దొరుకుతాయి కనుక, కరెంటు చాలనప్పుడు రెండింటి ఏసీ అవుట్‌పుట్‌లను కలిపేస్తుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే యంత్రం. గోడ వైపు నుంచి ఇచ్చిన 230 వోల్టులను 16 వోల్టులుగా మార్చేదే, అవతలి వైపు నుంచి 16 వోల్టులు అందితే గోడ వైపు దాదాపు 230 వోల్టులు పుట్టిస్తుంది. రెండింటినీ కలిపి ఒకదాని ప్లగ్గు పీకారనుకోండి, రెండోది ఆన్‌లోనే ఉంది. అప్పుడు మీ చేతిలో ఉన్న ప్లగ్గు పిన్నుల మీద ఇంటి కరెంటు అంత వోల్టేజి ఉంటుంది. గోడ నుంచి పీకిన ప్లగ్గును ఎవరూ అనుమానించరు. పిల్లలు అసలే అనుమానించరు. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల అవుట్‌పుట్‌లను ఎన్నడూ కలపకండి. పట్టాలకు ఒకటి, లైట్లకు, పాయింట్ మోటార్లకు ఇంకొకటి వాడితే వాటి మధ్య ఏ తీగా ఉమ్మడిగా ఉండకూడదు. అన్నింటినీ ఒకే స్విచ్ ఉన్న ఒకే బోర్డుకు తగిలించి, ఆ స్విచ్‌తోనే అన్నీ ఒకేసారి ఆగేలా చూసుకోండి.

ఇన్సులేషన్ పెళుసుబారిన కరెంటు వైరు, తుప్పు పట్టిన డబ్బా, ఘాటైన వాసన ఉన్న పాత పవర్ ప్యాక్‌ను మరమ్మతు చేసే ఆలోచన వద్దు, పారేయండి. పాతకాలపు కొన్ని ప్యాక్‌లలో ఉండే సెలీనియం రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) కాలితే వెలువడే పొగ విషం.

ఫోము, జిగుర్లు, టంకం

థర్మాకోల్, రంగు ఫోము పలకలు రెండూ పాలీస్టైరీనే. తేలిక, చవక, కొండలు చెక్కడానికి వీలు, కనుక వాడకుండా ఉండమనను. కాని వేడి తీగతో కోసేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చకూడదు, కిటికీలు తెరిచి, గాలి బయటకు పోయేలా ఫ్యాను పెట్టుకోవాలి. ఎక్కువమందికి తెలియనిది మరొకటి ఉంది. మామూలు పీవీసీ వైరును పాలీస్టైరీన్‌కు ఆనించి ఏళ్లపాటు ఉంచితే వైరు తొడుగును మెత్తగా ఉంచే రసాయనం ఫోములోకి వలసపోతుంది. తొడుగు గట్టిపడి పగులుతుంది, ఫోము అతుక్కుని కరిగినట్లవుతుంది. వైర్లను ఫోములో పాతిపెట్టకండి, బల్ల కింద చెక్కకు క్లిప్పులతో బిగించండి. ఫోము గుండా పోక తప్పని చోట గట్టి కాగితపు గొట్టంలోంచి పంపండి.

సూపర్‌గ్లూ నూలు గుడ్డకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగ రావచ్చు, చర్మం కాలవచ్చు. ఒలికితే నూలు గుడ్డతో తుడవకండి, నూలు చేతితొడుగులు వేసుకోకండి. సీసం కలిసిన టంకం వాడితే పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తినకండి. టంకం పొగలో ఎక్కువ భాగం ఫ్లక్సుదే (టంకం బాగా అతుక్కోవడానికి వాడే పదార్థం), ఉబ్బసం ఉన్నవారికి అది పడదు. నీటి పైపులకు వాడే ఆమ్లపు ఫ్లక్సు పట్టాలకు వాడకండి, అది అతుకులను తినేస్తుంది.

ఇంకా చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఏది తోస్తే అది చెబుతున్నాను, ఏదీ దాటవేయకండి.

దోమల బ్యాట్‌ను విప్పి, కృత్రిమ గడ్డి నిలబెట్టే పరికరంగా మార్చుకుంటున్నారు. స్విచ్ ఆపిన తరువాత కూడా దాని కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది. ఇన్సులేటెడ్ పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో దాన్ని డిశ్చార్జి చేశాకే ముట్టుకోండి.

గడ్డి వేసేటప్పుడు ఇంజన్లు, కంట్రోలరు పట్టాలకు కలిసి ఉండకూడదు. ఇంజన్లలో ఉండి డీసీసీ ఆదేశాలను అందుకునే డీకోడర్లు ఆ పరికరం వోల్టేజికి నిలవవు.

జిగురుగా హెయిర్ స్ప్రే కొట్టి వెంటనే ఆ పరికరం వాడకండి. స్ప్రేలోని ఆల్కహాలు, వాయువు రెండూ మండేవే, పరికరం నిప్పురవ్వలు విసురుతుంది.

పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచేటప్పుడు కరెంటు ఆపండి. ఆరేదాకా ఆపే ఉంచండి.

ఉప్పుకాగితంతో పట్టాలు రుద్దకండి. పడిన గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది.

రెండు కాయిళ్లున్న పాయింట్ మోటారుకు కరెంటు క్షణం మాత్రమే ఇవ్వాలి. బటన్ ఇరుక్కుంటే కాయిల్ కాలుతుంది. అలా ఇరుక్కునే బటన్లు వద్దు, కెపాసిటర్‌లో నిలవచేసిన కరెంటును ఒక్కసారి మాత్రమే ఇచ్చే కెపాసిటర్ డిశ్చార్జి యూనిట్ పెట్టండి.

ప్లాస్టిక్ ఇళ్లలో పాతరకం చిన్న బల్బులు పెట్టకండి. ఎల్‌ఈడీలు పెట్టండి, 12 వోల్టులకు ఒక్కొక్క దానికి 1000 ఓమ్‌ల రెసిస్టరు తప్పనిసరి.

డీసీ కంట్రోలరును, డీసీసీ బూస్టరును ఒకే లేఅవుట్‌లో ఒకేసారి ఆన్‌లో ఉంచకండి. పట్టాల మధ్య ఖాళీ వదిలామంటే కుదరదు, ఇంజను చక్రాలు ఆ ఖాళీని దాటేటప్పుడు రెండింటినీ కలిపేస్తాయి.

రివర్స్ లూప్‌కు, అంటే రైలును చుట్టూ తిప్పి వచ్చిన పట్టా మీదికే ఎదురుగా పంపే మలుపుకు, రెండు చివరలా ఖాళీలు లేకుండా కరెంటు ఇవ్వకండి. షార్టే.

పట్టాలు కోసే డిస్కు పగిలితే ముక్కలు కంట్లోకి వస్తాయి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. మామూలు చూపు అద్దాలు చాలవు.

ప్లాస్టర్ గడ్డకట్టేటప్పుడు వేడెక్కుతుంది. చేయి అందులో ఉంచి అచ్చు తీయకండి, పిల్లలను తీయనివ్వకండి.

సెకండ్‌హ్యాండ్ ఇంజను చట్రానికి సన్నని పగుళ్లు, ఉబ్బు ఉంటే కొనకండి. అది కల్తీ జింకు మిశ్రమానికి వచ్చే క్షయం, మరమ్మతు లేదు.

పాత రేకు బొమ్మల రంగులో సీసం ఉండవచ్చు. గీకకండి.

నాణెం పరీక్ష పూర్తికాని లేఅవుట్‌ను ఆన్‌లో ఉంచి గది దాటకండి. పూర్తయినదాన్నీ అలా వదలకండి. ఫోను మోగినా, తలుపు కొట్టినా, ముందు స్విచ్ ఆపండి.

సిగ్నళ్లలో, కప్లింగ్‌లలో పెట్టే చిన్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు మూత ఉన్న డబ్బాలో పెట్టి తాళం వేయండి. మింగిన బటన్ బ్యాటరీ ఆహారనాళాన్ని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చగలదు. బిడ్డ మింగిందన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి, వాంతి చేయించకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.