సర్వర్ కొనే ముందు ప్రింటర్ చూడండి: పది సిస్టమ్‌ల ఆఫీసుకు రిమోట్ డెస్క్‌టాప్

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి (కమిషన్) దుకాణాల్లో, హన్మకొండ ఆడిటర్ ఆఫీసుల్లో, జమ్మికుంట జిన్నింగ్ మిల్లుల్లో ఎక్కడికెళ్లినా నన్ను అడిగే ప్రశ్న ఇప్పుడు ఒక్కటే. "విండోస్ 10 అయిపోయిందంట, సిస్టమ్‌లన్నీ మార్చాల్నా?" 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయిన మాట నిజమే, ఆ పాత సిస్టమ్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదన్నదీ నిజమే. కానీ ఆ పదింటిలో జరిగే పనేంటి? టాలీ, ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కాస్త ఎక్సెల్, బ్రౌజర్. ఆ పనంతా ఒక్క సర్వర్‌లో నడిపి, టేబుల్ మీది డబ్బాను ఉత్త తెరలా వాడుకుంటే చాలు. దీన్ని ఎలా పెట్టాలో, ఎక్కడ దెబ్బ తింటారో (నేను తిన్నాను కాబట్టి) చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. డెస్క్‌టాప్ వర్చువలైజేషన్ అంటే సేల్స్‌వాళ్లు రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టేస్తారు. ఒకటి వీడీఐ, అంటే ఒక్కో మనిషికి ఒక్కో వర్చువల్ మెషిన్ (సర్వర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే వేరే కంప్యూటర్). రెండోది సెషన్ పద్ధతి, అంటే ఒకే విండోస్ సర్వర్‌లోకి పదిమంది ఒకేసారి లాగిన్ అయి ఎవరి పని వాళ్లు చేసుకోవడం. ఇందులోనే రిమోట్‌యాప్ అని ఉంది, అందులో డెస్క్‌టాప్ మొత్తం కాకుండా టాలీ కిటికీ ఒక్కటే యూజర్ తెర మీద తెరుచుకుంటుంది. పది, ఇరవై మంది ఉన్న ఆఫీసుకు వీడీఐ అంటే ఆటో నడిచే సందులోకి లారీ తోలడమే. సిట్రిక్స్, హొరైజన్ లాంటి వీడీఐ సాఫ్ట్‌వేర్లు పెద్ద కంపెనీలకు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడిచే అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ మంచిదే కానీ, నెలనెలా కరెంటు బిల్లులా బిల్లు వస్తుందంటే మన సేట్లు ఒప్పుకోరు, పైగా నెట్ పోయిందంటే దుకాణమే బంద్. అందుకే ఇక్కడ నేను చెప్పేది ఆఫీసులోనే ఉండే విండోస్ సర్వర్, దాని మీద రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ గురించి.

ముందు టేబుళ్ల చుట్టూ తిరగండి

నేను మొదటిసారి ఒక మిర్చి అడ్తిలో ఇది పెట్టినప్పుడు ప్రాసెసర్, ర్యామ్ లెక్కలన్నీ బ్రహ్మాండంగా వేసుకున్నాను. ప్రింటర్ సంగతి మాత్రం "అదెంతలే, రీడైరెక్ట్ అవుతుంది" (టేబుల్ మీది ప్రింటర్ సర్వర్ సెషన్‌లోకి అదే వస్తుంది) అనుకుని వదిలేశాను. మరుసటి రోజు పొద్దున జెండా పాట (వేలం) అయింది, కాంటాలు అయ్యాయి, రైతులు తక్‌పట్టీల (సరుకు అమ్మకం లెక్క చీటీల) కోసం కిటికీ దగ్గర నిలబడ్డారు, గుమాస్తా ఫోన్: "సారూ, పట్టీ సగమే వస్తాంది, మిగిలింది ఇంకో కాయితం మీద పడ్తాంది." సర్వర్‌కేమీ జబ్బు లేదు. ఆ పూటకు పట్టీలన్నీ చేత్తో రాసి ఇచ్చారు.

జరిగిందేమిటంటే, రిమోట్ సెషన్‌లో ప్రింటర్‌ను మామూలుగా ఈజీ ప్రింట్ అనే డ్రైవర్ మోసుకొస్తుంది. అది పేజీని బొమ్మలా చేసి పంపిస్తుంది. లేజర్ ప్రింటర్‌కు అది బంగారం. డాట్ మ్యాట్రిక్స్‌కు, అదీ మన సొంత కొలత ఉన్న కంటిన్యువస్ పేపర్‌కు, శని. అక్షరాలు పంపాల్సిన చోట బొమ్మ పంపితే హెడ్ నత్తలా కదులుతుంది, పేపర్ కొలత తేడా వస్తే సగం పట్టీ అక్కడ, సగం ఇక్కడ. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, సర్వర్‌లో కూడా ఆ ప్రింటర్ అసలు డ్రైవరే వేసి, గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు పెట్టే చోట) ఈజీ ప్రింట్‌ను ముందు వాడమనే సెట్టింగ్‌ను డిసేబుల్ చేయడం. రెండోది నాకు నచ్చింది: ప్రింటర్‌ను చిన్న ప్రింట్ సర్వర్ డబ్బాతో నెట్‌వర్క్ మీదికి తెచ్చి, స్థిరమైన ఐపీ ఇచ్చి, నేరుగా సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేయడం. అప్పుడు రీడైరెక్షన్ ఊసే ఉండదు. ఏ పద్ధతైనా సర్వర్‌లో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌కు వెళ్లి ఫార్మ్స్‌లో మీ పట్టీ కొలతను స్కేలుతో కొలిచి మరీ కొత్త ఫారంగా చేర్చండి. టాలీలో నీట్ మోడ్, డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్ రెండూ వేసి చూడండి, ఫలితం పూర్తిగా వేరుగా ఉంటుంది.

ప్రింటర్ తర్వాత డిజిటల్ సంతకం టోకెన్, అంటే యూఎస్‌బీకి గుచ్చే చిన్న పుల్ల. విండోస్ దాన్ని స్మార్ట్ కార్డుగానే చూస్తుంది. దాన్ని సర్వర్‌కు గుచ్చితే అందరికీ కనిపిస్తుందనుకుంటారు. కనిపించదు. రిమోట్ సెషన్‌లో ఉన్నప్పుడు విండోస్ స్మార్ట్ కార్డు కోసం యూజర్ ముందున్న సిస్టమ్ వైపే చూస్తుంది, సర్వర్‌కు గుచ్చినదాని వైపు కాదు. కాబట్టి టోకెన్ యూజర్ సిస్టమ్‌కే ఉండాలి, డ్రైవర్ రెండు చోట్లా ఉండాలి, కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్ కింద స్మార్ట్ కార్డులకు టిక్ ఉండాలి. నా సలహా అడిగితే మాత్రం సంతకం పనిని అసలు సర్వర్ మీదికి తేవద్దు. ఆఫీసులో ఒక్క మంచి విండోస్ 11 సిస్టమ్‌ను ఆ పనికే ఉంచండి. ఆ సంతకం సాఫ్ట్‌వేర్లు ఒక మనిషి, ఒక సిస్టమ్ అన్న లెక్కలో రాసినవి, ఒకే సర్వర్ మీద ఇద్దరు ఒకేసారి తెరిస్తే గొడవపడతాయి.

తెలుగు టైపింగ్ చేసేవాళ్లుంటే అదీ చూసుకోండి. యూజర్ సిస్టమ్‌లోని కీబోర్డ్ లేఅవుట్ సెషన్‌లోకి తనంతట తానే వచ్చి, సర్వర్‌లో మీరు పెట్టినదాన్ని పక్కకు నెట్టేస్తుంది. రిజిస్ట్రీలో ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్ విలువను 1 చేస్తే ఆగుతుంది.

డబ్బా, కరెంటు

పది మంది టాలీ, ఎక్సెల్ వాడేవాళ్లకు 8 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు అద్దంలా ఒకదానికొకటి ఉండే రెయిడ్ 1. మనిషికి 2 జీబీ ర్యామ్ అనుకుని, విండోస్‌కు 8 పక్కన పెట్టి, బ్రౌజర్ ట్యాబ్‌లు ముప్పై తెరిచే ఒక మహానుభావుడు ప్రతి ఆఫీసులో ఉంటాడు కాబట్టి అతని కోసం కాస్త మిగిల్చండి. డబ్బు తగ్గించాలంటే ప్రాసెసర్‌లో తగ్గించండి, డిస్కులో వద్దు.

విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఒక్క లైసెన్సుతో, ఆ డబ్బా కోర్లన్నిటికీ తీసుకుంటే, రెండు వర్చువల్ మెషిన్లు నడపొచ్చు. హైపర్-వీ (వర్చువల్ మెషిన్లు నడిపే విండోస్ సాధనం) వేసి, ఒకదాంట్లో డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు మొత్తం యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఉండే చోటు), ఇంకోదాంట్లో సెషన్ హోస్ట్ (పదిమందీ లాగిన్ అయ్యేది) పెట్టండి. రెండూ ఒకదాంట్లోనే కుక్కకండి. యూజర్లు రోజంతా తిరిగే చోట డొమైన్ తాళాలు పెట్టుకోవడం దేనికి? ఇంకోటి, హైపర్-వీ చెక్‌పాయింట్ (మెషిన్ అప్పటి స్థితిని అదే డిస్కులో దాచేది) బ్యాకప్ కాదు. డిస్క్ పోతే అదీ పోతుంది. రోజూ రాత్రి బయటి డిస్కుకు ఒక కాపీ, ఆ డిస్కులు రెండు ఉండి మార్చి మార్చి ఒకటి ఇంటికి వెళ్లాలి.

సర్వర్‌ను కింది అంతస్తులో పెట్టకండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాగని రేకుల షెడ్డు పైగదిలోనూ వద్దు, మన మే నెల ఎండకు ఏసీ లేని గదిలో సర్వర్ బతకదు. యూపీఎస్ సర్వర్‌కు ఒక్కదానికే కాదు, స్విచ్‌కూ రౌటర్‌కూ కూడా. సర్వర్ బతికుండి స్విచ్ చచ్చిపోతే ఏం లాభం?

ఈ పద్ధతిలో అసలు లాభం కూడా కరెంటు దగ్గరే తెలుస్తుంది. మామూలు షేరింగ్‌లో ప్రతి సిస్టమ్ లోంచీ టాలీ డేటా ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా తెరుస్తారు, మధ్యలో కరెంటు పోతే డేటా చెడిపోయే ప్రమాదం ఉంది. సెషన్‌లో అయితే టాలీ, డేటా రెండూ సర్వర్‌లోనే ఉంటాయి, తీగ మీద నడిచేది తెర, కీబోర్డ్ మాత్రమే. కరెంటు పోయి టేబుల్ మీది డబ్బా ఆరిపోయినా సగం కొట్టిన ఓచర్ అక్కడే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితే కర్సర్ ఆగిన చోటే కనిపిస్తుంది. సేటుకు ఇది ఒక్కసారి చూపించండి, మిగతా వివరణలు అక్కర్లేదు.

పెట్టే వరస

సర్వర్ మేనేజర్‌లో యాడ్ రోల్స్‌కు వెళ్లి మామూలు రోల్ ఇన్‌స్టలేషన్ కాకుండా రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ ఇన్‌స్టలేషన్ ఎంచుకోండి, అందులో సెషన్ ఆధారిత డిప్లాయ్‌మెంట్. సెషన్ హోస్ట్, దానికి తోడుగా కనెక్షన్ బ్రోకర్, వెబ్ యాక్సెస్ అవే వచ్చి కూర్చుంటాయి. ఈ డిప్లాయ్‌మెంట్ పద్ధతి డొమైన్ ఉంటేనే నడుస్తుంది. ఆ తర్వాత ఒక కలెక్షన్ (యూజర్లకు ఇచ్చే డెస్క్‌టాప్‌ల, యాప్‌ల కట్ట) చేసి, అందులోకి ఎవరెవరు రావచ్చో ఒక గ్రూపుకు ఇవ్వండి, ఒక్కొక్కరి పేరు చేర్చుకుంటూ పోతే ఆరు నెలలకు మీకే గుర్తుండదు.

సాఫ్ట్‌వేర్లు ఈ రోల్ వేసిన తర్వాతే ఇన్‌స్టాల్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో చేంజ్ యూజర్ స్లాష్ ఇన్‌స్టాల్ అని కొట్టి, ఇన్‌స్టాల్ అయ్యాక చేంజ్ యూజర్ స్లాష్ ఎగ్జిక్యూట్ అని మళ్లీ మామూలు స్థితికి తేవాలి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇది మరచిపోతే అడ్మిన్‌కు తెరుచుకుంటుంది, గుమాస్తాకు తెరుచుకోదు. టాలీకి సిల్వర్ పనికిరాదు, అది ఒక్కరికే. ఎక్కువమందికి గోల్డ్ కావాలి. పాత సర్వర్ తీసేసే ముందు దాని మీది టాలీ లైసెన్సును సరెండర్ చేయడం మరవద్దు. ఆఫీస్ విషయంలో మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ తీసుకుని సర్వర్‌లో వేద్దామనుకుంటారు, అందులో షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే సిస్టమ్‌లో పలువురు ఆఫీస్ వాడుకునే వీలు) లేదు, బిజినెస్ ప్రీమియంలో ఉంది.

పూర్తి డెస్క్‌టాప్ ఇవ్వాలా, రిమోట్‌యాప్ ఇవ్వాలా? ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లే వాడేవాళ్లకు రిమోట్‌యాప్. డెస్క్‌టాప్ లోపల డెస్క్‌టాప్ చూసి జనం తికమకపడతారు, ఫైల్ సర్వర్‌లో సేవ్ చేసి తమ సిస్టమ్‌లో వెతుక్కుంటారు, షట్‌డౌన్ ఎక్కడ నొక్కాలో తెలియక ఫోన్ చేస్తారు. రోజంతా అదే పని చేసే అకౌంటెంట్లకు పూర్తి డెస్క్‌టాపే హాయి, కానీ సర్వర్ డ్రైవ్‌లను పాలసీతో దాచేసి, షట్‌డౌన్ మీట తీసేయండి. యూజర్ల ప్రొఫైళ్లను (ఒక్కొక్కరి సెట్టింగులు, ఫైళ్లను) విడిగా దాచే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ గురించి ఎక్కడ చూసినా రాస్తారు. సర్వర్ ఒక్కటే అయితే దాని జోలికి పోనక్కర్లేదు, రెండోది వచ్చిననాడు చూద్దాం.

సెషన్ టైమ్ లిమిట్లు పెట్టండి. కదలిక లేకపోతే అరగంటకు డిస్కనెక్ట్, డిస్కనెక్ట్ అయిన రెండు గంటలకు సెషన్ ముగింపు అని నేను పెడతాను. భోజనానికి వెళ్లినవాడి పని పోకూడదు, ఊరెళ్లినవాడి టాలీ వారం రోజులు తెరిచి ఉండకూడదు.

పాత విండోస్ 10 సిస్టమ్‌లను తెరలుగా వాడతాం కదా అని అలాగే వదిలేయకండి, అప్‌డేట్లు లేని విండోస్ నెట్‌వర్క్‌లో ఉంటే ప్రమాదం ప్రమాదమే. వాటిమీద లినక్స్ మింట్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి రెమీనా అనే రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌తో సర్వర్‌కు కలపండి. ప్రింటర్ సర్వర్‌కే కలిపారు, టోకెన్ వేరే సిస్టమ్‌లో ఉంది కాబట్టి వీటితో ఇక పేచీ ఉండదు.

ఇంటి నుంచి చూస్తానని సేటు అడగడం ఖాయం. రౌటర్‌లో 3389 పోర్ట్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరవడం పది నిమిషాల పని, అదే మీ కొంప ముంచే పని కూడా. ఆ పోర్ట్ కోసం ఇంటర్నెట్‌లో పగలూ రాత్రీ తలుపులు తట్టుకుంటూ తిరిగే బాట్‌లున్నాయి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడ్డప్పుడు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా పాత విండోస్‌లలోకి దూరే వీలుండేది. పోర్ట్ నంబర్ మార్చినంత మాత్రాన దాక్కున్నట్టు కాదు. వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసుకు తాళం వేసిన దారి) పెట్టండి, వైర్‌గార్డ్ అనేదైతే తేలిక. మన కేబుల్ ఫైబర్ వాళ్లు చాలాచోట్ల ఒకే పబ్లిక్ ఐపీని పదిమందికి పంచుతారు, అలాంటప్పుడు స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదంటే స్టాటిక్ ఐపీ లేకున్నా కలిపే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడాలి. తప్పు పాస్‌వర్డ్ ఐదారుసార్లు కొడితే అకౌంట్ లాక్ అయ్యేలా పాలసీ కూడా పెట్టండి.

120 రోజులు

ఇక లైసెన్సులు. కాల్ (CAL) అంటే సర్వర్‌ను వాడే ఒక్కో మనిషికో, సిస్టమ్‌కో తీసుకునే క్లయింట్ యాక్సెస్ లైసెన్సు. విండోస్ సర్వర్ కాల్స్ వేరు, రిమోట్ డెస్క్‌టాప్ కాల్స్ వేరు, రెండూ కొనాలి. ఒక మనిషి ఆఫీసు సిస్టమ్, ల్యాప్‌టాప్, ఫోన్ మూడింటి నుంచీ వస్తే పర్ యూజర్. ఒకే సిస్టమ్ మీద షిఫ్టులవారీగా ముగ్గురు కూర్చుంటే పర్ డివైస్. డొమైన్ లేకుండా వర్క్‌గ్రూప్‌లో సెషన్ హోస్ట్ రోల్ ఒక్కటే విడిగా వేసి పర్ యూజర్ పెడితే 2019 నుంచి వచ్చిన సర్వర్లు గంటకోసారి సెషన్ తెంపేస్తాయి, అక్కడ పర్ డివైసే దిక్కు. మామూలు విండోస్ 11ను ఏమార్చి పదిమందిని ఎక్కించే ర్యాపర్ కిటుకులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. అవి లైసెన్సుకు విరుద్ధం, ఒక్క అప్‌డేట్ వస్తే కుప్పకూలతాయి.

రోల్ వేసిన రోజు నుంచి 120 రోజులు కాల్స్ లేకపోయినా నడుస్తుంది. ఈ గడువే నన్ను ముంచింది. ఇందాక చెప్పిన మిర్చి అడ్తి తర్వాత ఇంకో దుకాణంలో దసరా దాటాక పెట్టాను, ప్రింటర్లూ అన్నీ సరిగ్గా చూసుకున్నాను, లైసెన్సులు తర్వాత కొందామని సేటు అంటే సరేనన్నాను. అక్టోబర్ మధ్య నుంచి 120 రోజులు లెక్కేస్తే ఫిబ్రవరి మధ్య, అంటే యార్డు మిర్చితో ఎర్రబడే రోజులు. పొద్దున్నే ఒక్కరికీ లాగిన్ కాలేదు, లైసెన్స్ సర్వర్ లేదని బోర్డు. ఆ స్థితిలో కూడా రిమోట్ డెస్క్‌టాప్ కమాండ్‌కు స్లాష్ అడ్మిన్ తగిలించి అడ్మిన్‌గా మీరు లోపలికి వెళ్లొచ్చు, నేను వెళ్లాను కూడా, కానీ లోపలికెళ్లి చేసేదేముంది, కాల్స్ చేతికి వచ్చేదాకా ఆగడం తప్ప. ఆ రోజు మళ్లీ తక్‌పట్టీలు చేత్తోనే రాశారు, నేనూ కూర్చుని రాశాను. కాల్స్ సాయంత్రం వచ్చాయి.